కొక్కెం ఇంటిది, ఉయ్యాల ఎవరిది?

ఎల్లారెడ్డిలో మా మేనత్త వాళ్ల పాత ఇల్లు అమ్మినప్పుడు ధర రెండు పూటల్లో తెగింది. గజం ఇంత, బయానా ఇంత, మిగతాది రిజిస్ట్రేషన్ నాడు. పెద్దమనుషులు చాయ తాగి లేచారు. తెగనిది ఒక్క ఉయ్యాల. నడిమి అర్రలో దూలానికి రెండు ఇనుప కొక్కేలు, వాటికి ఇత్తడి గొలుసులు, గొలుసులకు టేకు పలక. కొన్నాయన "ఇంట్ల ఉన్నది ఇంటిదే గద అత్తమ్మా" అన్నాడు. అత్త "నా పిల్లలు నలుగురు దాన్ల పండుకొని పెరిగిన్రు, అది నీకెట్ల ఇస్త బిడ్డా" అన్నది. ఇద్దరిలో ఎవరికీ దురాశ లేదు. నాలుగు లక్షల మాట నిమిషంలో తేల్చినవాళ్లు ఆ పలక దగ్గర నెల రోజులు ఆగిపోయారు, ఎందుకంటే దాని గురించి ముందు ఎవరూ అడగలేదు.

అప్పటి నుంచి కామారెడ్డిలో గానీ ఎల్లారెడ్డిలో గానీ తెలిసినవాళ్లు ఎవరు ఇల్లు అమ్ముతున్నా నేను ధర అడగను. ఏవి ఉంచి పోతున్నారు, ఏవి పట్టుకుపోతున్నారు అని అడుగుతాను. చాలామంది ఒక క్షణం ఆగుతారు. ఆ తర్వాత "ఫ్యాన్లు మావే, తీస్కపోతం" అంటారు. మోటారు సంగతి అడిగితే ఇంకాసేపు ఆగుతారు.

ఈ ప్రశ్న మన దగ్గర ఇంత వెనకబడిపోవడానికి కారణం భూమి. కామారెడ్డి 2016 అక్టోబరు 11న నిజామాబాద్ నుంచి విడిపోయి జిల్లా అయింది. ఎల్లారెడ్డి ఆ కొత్త జిల్లాలో రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది, 2018లో మున్సిపాలిటీ కూడా అయింది. ఊరి హోదా పెరిగిన చోట ఇంటిని గజాల్లోనే లెక్కగడతారు. పైన ఉన్న గోడలు, తలుపులు, బావి, చెట్టు ధరలో ఎక్కడ కలిశాయో అమ్మినవాడికీ తెలియదు, కొన్నవాడికీ తెలియదు. కాగితం కూడా అట్లాగే ఉంటుంది. సేల్ డీడ్‌లో ఇంటి నంబరు, చదరపు గజాలు, నాలుగు దిక్కుల హద్దులు రాస్తారు. జతచేసే అనుబంధ పత్రంలో పైకప్పు ఏ రకం, కట్టి ఎన్నేళ్లయింది, కట్టడం ఎన్ని చదరపు అడుగులు అన్నది అడుగుతారు. ఇంటి ఫొటో పెడతారు. తలుపు గురించి, మోటారు గురించి, ఉయ్యాల గురించి ఒక్క గడి కూడా ఉండదు.

కాగితంలో లేకపోతే చట్టం ఏమంటుంది? ఇక్కడ మనకు అండగా నిలిచేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. అందులో 8వ సెక్షన్‌ను ఇల్లు అమ్మే ప్రతి మనిషీ ఒకసారి చదివించుకుని వినాలని నా కోరిక. వేరే ఉద్దేశం మాటల్లో చెప్పకపోతే, సందర్భాన్ని బట్టి తెలియకపోతే, ఇల్లు అమ్మినప్పుడు ఇంటితో పాటు కొన్నవాడికి ఏమేం పోతాయో అది పేరుపేరునా చెబుతుంది. తాళాలు, తాళంచెవులు, అడ్డగడియలు, తలుపులు, కిటికీలు, ఇంటితో పాటు శాశ్వతంగా వాడుకోవడానికి అమర్చిన మిగతా వస్తువులన్నీ. ఇంటికున్న దారి హక్కు, నీటి హక్కు వంటివి కూడా పోతాయి. అమ్మకం తర్వాత వచ్చే అద్దె కూడా కొన్నవాడిదే.

ఈ జాబితాలో మొదటి మాటలు గమనించండి. తాళంచెవి గోడకు అంటి ఉండదు. జేబులో వేసుకుని పోవచ్చు. అయినా అది ఇంటిది. అంటే గోడకు ఎంత గట్టిగా బిగించారన్న ఒక్క లెక్కతో తేలే విషయం కాదిది. దేనికోసం పెట్టారన్నది అసలు లెక్క. అదే చట్టం 3వ సెక్షన్ నేలకు అంటుకున్నవాటిని మూడుగా విడదీస్తుంది. చెట్టులా వేళ్లతో నాటుకున్నవి ఒకటి. గోడలా నేలలో పాతుకున్నవి రెండోది. అట్లా పాతుకున్నదాన్ని శాశ్వతంగా సుఖంగా అనుభవించడానికి దానికి తగిలించినవి మూడోది. తగాదాలన్నీ ఈ మూడోదానిలోనే పుడతాయి.

మద్రాసు హైకోర్టు 1940లో ఒక ఆయిల్ ఇంజన్ మీద వచ్చిన వ్యాజ్యంలో దీన్ని తేటగా విడమరిచింది. బిగింపు ఆ స్థలం బాగు కోసమైతే వస్తువు స్థలంలో భాగం. వస్తువు తానే సరిగా పనిచేయడానికి బిగించి ఉంటే, బిగించినంత మాత్రాన అది స్థిరాస్తి అయిపోదు. మన తెలంగాణలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. కాగజ్‌నగర్‌లోని సిర్పూర్ పేపర్ మిల్లు యంత్రాన్ని కాంక్రీటు దిమ్మె మీద బిగించారు కాబట్టి అది స్థిరాస్తే, ఎక్సైజ్ సుంకం పడదు అని కంపెనీ వాదించింది. సుప్రీంకోర్టు 1997లో ఒప్పుకోలేదు. యంత్రం ఊగకుండా, ప్రమాదం లేకుండా నడవడానికే ఆ దిమ్మె. అమ్మదలిస్తే దిమ్మె నుంచి విప్పి అమ్ముకోవచ్చు. రెండేళ్లు తిరక్కుండానే, 1999లో, ఉత్తరప్రదేశ్‌లోని డంకన్స్ ఎరువుల కర్మాగారం కేసులో అదే కోర్టు యంత్రాలను స్థిరాస్తిగా లెక్కించి స్టాంపు డ్యూటీ కట్టమంది. అక్కడ యంత్రాలను నేలలో నాటింది కర్మాగారంగా శాశ్వతంగా నడపాలన్న తలంపుతో, అమ్మింది నడిచే కర్మాగారంగా. రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా బోల్టుల్లో కనిపించదు, బిగించినవాడి ఉద్దేశంలో కనిపిస్తుంది.

ఇంగ్లండులో 1872లో హాలండ్, హాడ్జ్‌సన్ కేసు విన్న న్యాయమూర్తి చెప్పిన పోలిక మన పొలాల గట్ల మీద కూడా సరిపోతుంది. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడ భూమిలో భాగం. అవే రాళ్లను అమ్మడానికి పెరట్లో కుప్ప పేరిస్తే అవి సరుకు. రెండు చోట్లా రాళ్లను నేలకు పట్టి ఉంచేది వాటి బరువే.

ఇంగ్లీషు చట్టం రాకముందు మనకు ఈ ఆలోచన లేదనుకోవద్దు. పాత శాసనాల్లో, దానపత్రాల్లో గ్రామాన్నో భూమినో ఇచ్చేటప్పుడు అష్టభోగాలతో ఇచ్చామని రాసేవారు. నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షీణం, ఆగామి, సిద్ధం, సాధ్యం. నేల కింద దొరికే నిధి, నీళ్లు, రాయి, ఇప్పుడున్న ఫలం, రేపు రాబోయే ఫలం అన్నీ పేర్లు పెట్టి చెప్పిన తర్వాతే చేయి మారేది. దేన్నీ ఊహకు వదలలేదు. ఇవాళ "సకల హక్కులతో" అని ఒక్క మాట రాసి సంతకం పెడుతున్న మనకన్నా ఆ లేఖకులు జాగ్రత్తపరులు.

ఇక ఇంట్లోకి నడుద్దాం. ఈ ప్రాంతపు పాత ఇల్లు నడిమధ్య భవంతి, చుట్టూ అర్రలు, పైన గూనపెంకులు. దర్వాజ టేకుది. మొగరాలు, దూలాలు, వాసాలు మంచి కర్రవి. అట్లాంటి ఇంట్లో ఇప్పుడు గోడల కన్నా కర్రకే విలువ. ఇక్కడే మన ప్రాంతపు అసలు చిక్కు ఉంది. కొనేవాడు ఆ ఇంట్లో ఉండటానికి కొనడు. పడగొట్టి స్లాబు వేయడానికో, రోడ్డు వైపు మడిగెలు కట్టడానికో కొంటాడు. అమ్మేవాడికి అది తెలుసు. "ఎట్లైనా ఇరగ్గొడ్తడు, దర్వాజలు నేను తీస్కపోతే ఏమైతది" అనుకుంటాడు. కొన్నవాడు కర్ర అమ్మి కూల్చివేత ఖర్చు రాబట్టుకోవాలని లెక్క వేసుకుని ఉంటాడు. ఇద్దరి లెక్కలోనూ ఒకే దర్వాజ.

చట్టంలో దీనికి జవాబు స్పష్టంగా ఉంది. ఏమీ మాట్లాడుకోకపోతే దర్వాజ ఇంటితో పోతుంది. 8వ సెక్షన్ తలుపును పేరు పెట్టి చెప్పింది. అమ్మేవాడు తీసుకుపోవాలంటే ముందు చెప్పాలి. చెప్పి, విప్పి వేరు చేయడానికి ఒప్పుకుంటే, 1930 నాటి వస్తువుల విక్రయ చట్టం ప్రకారం ఆ కర్ర సరుకు కిందికి వస్తుంది. భూమికి అంటి ఉన్నదాన్ని అమ్మకానికి ముందుగానీ అమ్మకం ఒప్పందం ప్రకారంగానీ విడదీయాలని ఒప్పుకుంటే అది సరుకే అని ఆ చట్టం చెబుతుంది. కనుక పాత కర్ర వ్యాపారికి దూలాలు అమ్ముకోదలిచినవాడు ఇల్లు అమ్మే మాటకు ముందే ఆ మాట తేల్చుకోవాలి. బయానా తీసుకున్నాక రాత్రికి రాత్రి వాసాలు దించితే అది మాట తప్పడమే. ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం ఒప్పందం నుంచి అప్పగింత దాకా ఇంటినీ దస్తావేజులనూ తెలివిగల యజమాని చూసుకున్నట్టు చూసుకోవాల్సిన బాధ్యత అమ్మేవాడిదే.

నా మనసులో మాట ఒకటి చెప్పాలి. పడగొట్టబోయే ఇంటి చెక్కడపు దర్వాజ అమ్మేవాళ్లే తీసుకుపోయి కొత్తింటికి పెట్టుకుంటే నాకు సంతోషం. కామారెడ్డికి దగ్గర్లోని దోమకొండ గడిని ఓపికగా బాగుచేసినందుకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో గుర్తింపు వచ్చింది. గడికి ఆ అదృష్టం పట్టింది. మామూలు ఇళ్లకు పట్టదు. వాటిలో మిగిలేది ఆ దర్వాజ ఒక్కటే. కాబట్టి దాన్ని ధరలోంచి మినహాయించి రాసుకోండి. దొంగతనంగా విప్పుకోవద్దు.

నీళ్ల దగ్గరికి వస్తే తగాదా పదును ఎక్కువ. చేదబావి ఇంటిదే, అందులో అనుమానం లేదు. గిరక? ఒరలో నాటిన రెండు రాతి స్తంభాలు, వాటి మధ్య ఇనుప కడ్డీ, కడ్డీకి గిరక. బావి వాడకానికే పెట్టింది కాబట్టి అది ఉండాలి. తాడు, బొక్కెన మనిషివి. బోరు విషయంలో ఇదే ఆలోచన సాగదీయాలి. నేలలో రంధ్రం, కేసింగ్ పైపు ఇంటితో ఉంటాయని అందరూ ఒప్పుకుంటారు. వందల అడుగుల లోతున దించిన సబ్‌మెర్సిబుల్ మోటారును "నేను పైసలు పెట్టి కొన్న" అని పైకి లాగించుకుని పోయేవాళ్లను చూశాను. ఇంట్లో ప్రతిదీ వాళ్లు పైసలు పెట్టి కొన్నదే, ఇటుకలతో సహా. ఆ మోటారు ఉన్నది ఇంటికి నీళ్లివ్వడానికి. నల్లా తిప్పితే నీళ్లొచ్చే ఇల్లని చూపించి అమ్మారు. నా లెక్కలో మోటారు, పైపు, కేబుల్, గోడకున్న స్టార్టర్ డబ్బా అన్నీ ఇంటివే. 8వ సెక్షన్‌లోనే యంత్రం గురించి ఒక మాట ఉంది. నేలకు బిగించిన యంత్రాన్ని అమ్మితే దాని కదిలించగల భాగాలు కూడా పోతాయి. మోటారు వదిలి స్టార్టర్ విప్పుకుపోవడం ఈ మాటకు నిలవదు. పైన సింటెక్స్ ట్యాంకు కూడా పైపులతో కలిసి ఉన్నదే, ఉండాలి. వాన నీళ్లు పట్టుకోవడానికి చూరు కింద పెట్టుకున్న డ్రమ్ము పోవచ్చు.

కొత్త ఇళ్లలో వస్తువులు ఎక్కువ, ఆలోచన మాత్రం అదే. ఫ్యాను కొక్కెం, వైరింగు, స్విచ్ బోర్డులు, మెయిన్ బోర్డు ఇంటివి. ఫ్యాను, ట్యూబ్‌లైటు మన అలవాటులో మనిషివి. కొనేవాడు కూడా సాధారణంగా అట్లాగే అనుకుంటాడు. పీవోపీ సీలింగులోకి దించి అమర్చిన లైట్ల మాట వేరు. వాటిని తీస్తే పైన గుంతలు మిగులుతాయి, అవి ఉండాలి. ఏసీ విప్పుకుపోవచ్చు, కానీ గోడలో పైపు కోసం తొలిచిన రంధ్రం పూడ్చాలి. గీజరు మీద రెండు వైపులా న్యాయంగా వాదించవచ్చు, కాబట్టి రాసుకోవాలి. ఇన్వర్టరు, బ్యాటరీ మనిషివి, వాటి కోసం గోడలో వేసిన వైర్లు ఇంటివి. సీసీ కెమెరాలు ఉంచిపోతే పాస్‌వర్డులు కూడా మార్చి అప్పగించాలి, లేకపోతే కొన్నవాళ్ల ఇంట్లో అమ్మినవాడి కన్ను ఉండిపోతుంది.

వంటిల్లు అన్నిటికన్నా ఖరీదైన గది అయింది. గోడకు కొలిచి చేయించిన మాడ్యులర్ కిచెన్ చెక్కలు విప్పితే ఇంకో వంటింట్లో సరిగా కూర్చోవు, ఇక్కడ గోడ పాడవుతుంది. అవి ఉండాల్సినవే. ఇంగ్లండు అప్పీలు కోర్టు 1996లో బోథమ్ అనే అతని ఫ్లాటు కేసులో ఇట్లాంటి వస్తువులన్నిటినీ వరసగా తేల్చింది. వంటింటి అరలు, స్నానాల గది నల్లాలు ఇంటివి. కార్పెట్లు, కర్టెన్లు, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ కావు. ఆ తీర్పు మన కోర్టులను కట్టేయదు, అయినా ఒక ఇల్లంతా తిరిగి వస్తువువారీగా చెప్పిన తీర్పు కాబట్టి పనికొస్తుంది. చిమ్నీ మాత్రం నాకు తేలలేదు. పొగ గొట్టం ఇంటిది, యంత్రం ఎవరిదో మాట్లాడుకోవాలి. గ్యాస్ పొయ్యి మనిషిది. సిలిండరు, రెగ్యులేటరు ఇద్దరివీ కావు, కంపెనీవి. కనెక్షన్ ఎవరి పేరున ఉందో వాళ్లతోనే పోతుంది. దాన్ని ఇంటితో కలిపి అమ్మడానికి లేదు.

కరెంటు మీటరు ఇంకో రకం. మీటరు గోడకే ఉంటుంది, పేరు మారాలి. కామారెడ్డి జిల్లా ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ కిందికి వస్తుంది. పాత బకాయి ఎవరిది, డిపాజిట్ ఎవరిది అన్నది ముందే తేల్చుకోకపోతే కొన్నవాడు పాత యజమాని పేరు మీదే ఏళ్ల తరబడి బిల్లు కడుతూ ఉంటాడు. అమ్మకం తేదీ దాకా వచ్చిన ఇంటి పన్ను, నల్లా బిల్లు వంటివి అమ్మినవాడే కట్టాలని 55వ సెక్షన్ చెబుతుంది.

ఇప్పుడు మిద్దెల మీద సోలార్ పలకలు వస్తున్నాయి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు రూ.78,000 వరకు రాయితీ ఉంది. రాయితీ తీసుకుని ఆ ఇంటి మీటరుకు ముడిపెట్టి అమర్చిన పలకలను విప్పుకుపోతే నెట్ మీటరు వృథా. నా దృష్టిలో ఇవి ఇంటివే. కానీ ఖరీదు పెద్దది కాబట్టి ధరలో కలిసిందో లేదో కాగితం మీద ఉండాలి, వారంటీ కాగితాలు చేతికి రావాలి.

పెరడు గురించి ఎవరూ మాట్లాడరు. మామిడి, జామ, కొబ్బరి, వేప నేలతో పోతాయి. టేకు చెట్టు దగ్గర చట్టం రెండు దారులుగా చీలుతుంది. కొట్టబోయే కలప చెట్టు స్థిరాస్తి కాదు. సుప్రీంకోర్టు 1958లో శాంతాబాయి కేసులో తేల్చింది ఏమిటంటే, నేల సారం తాగుతూ ఇంకా పెరగడానికి ఉంచిన చెట్టు స్థిరాస్తి, త్వరలో నరికి కలపగా వాడటానికి నిలిపిందైతే చరాస్తి. అమ్మేవాడు టేకు నరుక్కుంటానంటే ఆ మాట రాయించాలి, 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కూడా చూసుకోవాలి. పూలకుండీలు మనిషివి. నేలలో దిగిన మల్లెపొద ఇంటిది. దాన్ని వేళ్లతో పెకిలించుకుపోతానంటే కొన్నవాళ్లు సాధారణంగా కాదనరు, అడగడమే మర్యాద.

రోలు చూడండి. సాయబానలో నేలలోకి పాతిన రోలు చట్టం ప్రకారం గోడ లాంటిదే, ఇంటిది. ఇసుర్రాయి, కుందెన, రోకలి కదిలేవి, మనిషివి. తులసి గద్దె సిమెంటుతో కట్టిందైతే ఇంటిది, అందులోని తులసమ్మను ఎవరు తీసుకుపోతారన్నది ఇల్లాలి ఇష్టం. దేవునర్రలో పటాలు, విగ్రహాలు తీసుకుపోవాల్సిందే. గోడలోని దేవుని గూడు ఉంటుంది, దానికి బిగించిన చెక్క మందిరం ముందుగా చెప్పి తీసుకుపోవచ్చు. ఇట్లాంటివాటిలో చట్టాన్ని కడదాకా లాగవద్దని నా మాట. పాతిన రోలు కోసం ఒక ముసలామె కన్నీళ్లు పెట్టుకుంటే, నేల పగిలినంత మేర బాగుచేయించే షరతు మీద ఇచ్చేయడమే పెద్దమనిషితనం.

కామారెడ్డి సిరిసిల్ల రోడ్డులోనో స్టేషన్ రోడ్డులోనో ముందు మడిగెలు, వెనక ఇల్లు ఉన్నవాళ్లు అమ్మితే మూడో మనిషి వస్తాడు. అద్దెకున్నవాడు. అతను బిగించుకున్న రాకులు, అద్దాల అల్మారాలు, బోర్డు, ఏసీ అతనివే. ఇంటి స్వాధీనం తన చేతిలో ఉన్నంత కాలం అద్దె ముగిశాక కూడా వాటిని తీసుకుపోవచ్చని ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెబుతుంది. ఒకటే షరతు, మడిగెను తీసుకున్నప్పటి స్థితిలో వదలాలి. పరాయి నేల మీద కట్టినంత మాత్రాన కట్టడం నేల యజమానిది అయిపోదన్నది ఈ దేశపు వాడుక అని కలకత్తా హైకోర్టు 1866లోనే గుర్తించింది. కొనేవాడు మడిగె చూసి వస్తువులను ధరలో కలిపేసుకోకుండా, షట్టరు ఎవరు పెట్టించారు, రాకులు ఎవరివి అని అద్దెకున్న సేటునే అడగాలి.

ఈ జిల్లాలో ఇంకో రకం అమ్మకాలు చాలా ఉన్నాయి. గల్ఫ్‌లో ఉన్న కొడుకు, అమెరికాలో ఉన్న కూతురు, ఇక్కడ జీపీఏ పట్టుకున్న బాబాయో బావమరిదో. అమ్మేవాళ్లు ఇంటిని వీడియోలో చూస్తారు. కొనేవాళ్లు ఇంటిని తాళం తీసి చూస్తారు. అప్పగింత నాటికి బీరువా ఎవరు పట్టుకుపోయారు, మోటారు ఎవరు లాగారు అని ఫోన్లలో మాటలు పెరుగుతాయి. నష్టం బంధుత్వానికి.

విచిత్రం ఏమిటంటే, డాలస్ చుట్టుపక్కల ఇళ్లు కొని అమ్మే మన తెలుగువాళ్లు అక్కడ ఈ పని కాగితం మీద చక్కగా చేస్తారు. టెక్సాస్‌లో ఇళ్ల అమ్మకానికి వాడే ఒప్పంద పత్రంలోనే ఇంటితో ఏవి ఉంటాయో అచ్చు వేసి ఉంటుంది. సీలింగ్ ఫ్యాన్లు, గోడ అద్దాలు, లైట్లు, కర్టెన్లూ వాటి కడ్డీలూ, పోస్టు డబ్బా తాళంచెవి దాకా. టీవీని గోడకు పట్టే చట్రం ఇంటిదని కూడా అందులో ఉంది. అమ్మేవాడు ఏదైనా మినహాయించుకోవాలంటే రాయడానికి వేరే గీత ఉంటుంది. ఇంగ్లండులో న్యాయవాదుల సంఘం వాళ్ల పత్రంలో గదిగదికీ వస్తువుల పట్టిక ఉంటుంది. అమ్మేవాడు లైటు తీసుకుపోతే దాని చోట హోల్డరు, బల్బు పెట్టి, ప్రమాదం లేని స్థితిలో వదలాలని అందులో రాసి ఉంటుంది. జర్మనీలో అద్దెకుండేవాళ్లు వంటింటి అరలు కూడా విప్పుకుపోవడం మామూలు. దేశాన్ని బట్టి అలవాటు మారుతుంది. పెద్ద మార్కెట్లలో మాత్రం దాన్ని ఊహకు వదలకుండా రాసుకుంటారు.

మన దగ్గర అట్లాంటి పత్రం రావడానికి ప్రభుత్వం కోసం ఆగనక్కరలేదు. కామారెడ్డిలోనూ ఎల్లారెడ్డిలోనూ సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయాల ముందు కూర్చునే దస్తావేజు లేఖకులు తలచుకుంటే చాలు. బయానా కాగితం రాసేటప్పుడే ఒక పుట చేర్చాలి. ఒక వైపు ఉండేవి, ఒక వైపు పోయేవి. ఇంట్లో నడుస్తూ, అర్ర తర్వాత అర్ర, రెండు పక్షాలూ కలిసి రాయాలి. ఫోన్లో ఫొటోలు తీసి తేదీతో ఉంచుకోవాలి. రాసేది సేల్ డీడ్ నాడు కాదు, బయానా నాడు. డబ్బంతా చేతులు మారాక అడిగే మాటకు బలం ఉండదు.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. బీరువా, సోఫా, ఫ్రిజ్ వంటి చరాస్తిని విడిగా అమ్ముకుంటే రిజిస్ట్రేషన్ అక్కరలేదు, చేతికిస్తే చాలు. తెలంగాణలో అమ్మకాల మీద మొత్తం సుంకం 2021 జులైలో 6 నుంచి 7.5 శాతానికి పెరిగాక, తలుపులనూ వంటింటి అరలనూ కూడా సామాను కింద రాసి ఇంటి ధర తగ్గించి చూపాలన్న ఆశ కొందరికి పుడుతోంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం స్థిరాస్తిలో నేలకు అంటుకున్నవాటినే కాక, వాటికి శాశ్వతంగా బిగించినవాటిని కూడా కలిపే చెప్పింది. వస్తువుల పట్టిక తగాదా తప్పించుకోవడానికి. దాన్ని సుంకం ఎగ్గొట్టే కాగితం చేయవద్దు.

మా అత్త ఉయ్యాల సంగతి ఎట్లా తేలిందో చెప్పాలి. కొక్కేలు దూలంలో ఉండిపోయాయి. గొలుసులు, పలక అత్త వెంట వచ్చాయి. కొన్నాయనే ఎడ్లబండి మాట్లాడి పంపించాడు. ఇప్పుడైతే ఆ పని బయానా నాడే ఒక వరసలో అయిపోయేది.

అట్లాంటి పట్టిక రాయించుకునేవాళ్లకు నేను చివర ఒక వరస చేర్చమని చెబుతుంటాను. చట్టం జాబితా మొదట్లోనే చెప్పినవి, జనం చివర గుర్తుచేసుకునేవి తాళంచెవులు. ముందు దర్వాజవి ఎన్ని, గేటువి ఎన్ని, మిద్దె మీది గదివి ఎన్ని, మోటారు గదివి ఎన్ని. అమ్మేవాళ్ల దగ్గర ఒకటి, కొడుకు దగ్గర ఒకటి ఉంటాయి. ఊరికి పోయినప్పుడు మొక్కలకు నీళ్లు పోయమని పదేళ్ల కింద పక్కింటి వదినకు ఇచ్చిన మూడోది ఇంకా ఆమె గూట్లోనే ఉండి ఉంటుంది. దాన్ని కూడా తెప్పించి లెక్కలో రాయండి.